ఇంటి తీగలు మార్చుకొనేముందు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు మన పెద్దలు. ఆ రెండింటిలో ఎంత శ్రమ ఉన్నదో చేసినవారికి గాని తెలియదని వారి భావం. ఈనాటి గృహస్థుడు ఆ వరుసలో మూడవదానిని కూడా చేర్చుకొనవచ్చును: ఇంటిలోని ఇంటర్నెట్టును, టెలిఫోనును, టెలివిజనును ఒక కంపెనీ నుండి మరొక కంపెనీకి మార్చి చూడు. పని చిన్నదే. కాని క్రమం తప్పితే వారం రోజులపాటు ఇల్లు మూగదైపోతుంది.

ఒకప్పుడు మనకు ఈ చిక్కు లేదు. ఉండటానికి అసలు ఎంపికే లేదు. టెలిఫోను కావలెనంటే ప్రభుత్వ శాఖకు దరఖాస్తు పెట్టుకొని ఏళ్ళ తరబడి వేచి ఉండటమే. టెలివిజను అంటే దూరదర్శన్ ఒక్కటే. దాని హైదరాబాదు కేంద్రం 1977 అక్టోబరులో ఆరంభమైనది. 1990 తరువాతి సంవత్సరాలలో వీధివీధికీ కేబుల్ వచ్చినది. 1995లో సెల్‌ఫోను వచ్చినది. 1997లో ఈ రంగానికి ట్రాయ్ అనే నియంత్రణ సంస్థ ఏర్పడినది. ఇప్పుడు తలుపు తట్టి, "మా కనెక్షను తీసుకోండి, మూడు నెలలు ఉచితం" అని చెప్పేవారికి కొదువ లేదు. చేరటం ఇంత సులభమైన తరువాత, విడిచిపెట్టటం ఎంత సులభమో తెలుసుకొనటం మన పని.

మూడు సేవలను కలిపి ఒకే తీగమీద ఇచ్చే పద్ధతి ఈ కాలపు విశేషం. వెంట్రుకవంటి సన్నని గాజుతీగలో వెలుగు రూపంలో ప్రయాణించే సంకేతాలకు ఇది మాట, ఇది బొమ్మ, ఇది ఉత్తరం అనే భేదం లేదు. అందుచేతనే ఒక తీగ మూడు పనులూ చేయగలుగుతున్నది. ఆంధ్రప్రదేశ్ ఫైబర్ గ్రిడ్ పథకాన్ని 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించినప్పుడు, కరెంటు స్తంభాల మీదుగా లాగిన తీగద్వారా ఈ మూడు సేవలనూ కలిపి నెలకు 149 రూపాయలకు ఇవ్వటం మొదలుపెట్టినారు. ప్రైవేటు కంపెనీలు కూడా ఇదే బాట పట్టినవి. ఒకే బిల్లు, ఒకే ఫిర్యాదు నంబరు, సౌకర్యమే. అయితే ముడి ఒకటే గనుక, తెగినప్పుడు మూడూ తెగుతాయి. విడిచిపోవాలన్నప్పుడు కూడా మూడింటినీ కదిలించవలసి వస్తుంది.

కాబట్టి కంపెనీ మారదలచినవారు ముందుగా వేసుకొనవలసిన ప్రశ్న ఒకటి ఉన్నది. ఈ మూడింటిలో మనవెంట వచ్చేది ఏది? వెనుక ఉండిపోయేది ఏది?

మొదట సెల్‌ఫోను నంబరు. ఇది మనవెంట వస్తుంది. 2010 నవంబరు 25న హర్యానాలో, 2011 జనవరి 20న దేశమంతటా ఈ హక్కు అమలులోనికి వచ్చినది. 2015 జులై నుండి రాష్ట్రం మారినా నంబరు మారనక్కరలేదు. పూర్వం నంబరులోని మొదటి అంకెలనుబట్టి అది ఏ కంపెనీదో తెలిసేది. ఇప్పుడు ఏ నంబరు నేడు ఏ కంపెనీవద్ద ఉన్నదో చెప్పే ఉమ్మడి పట్టిక ఒకటి ఏర్పాటైనది. మీరు నంబరు నొక్కగానే ఆ పట్టికను చూచి, పిలుపును సరియైన చోటికి పంపుతారు. పద్ధతి కూడా సులభమే. 'పోర్ట్' అనే మాట ఇంగ్లీషు అక్షరాలలో కొట్టి, ఖాళీ విడిచి, మీ నంబరు చేర్చి 1900కు సందేశం పంపవలెను. ఎనిమిది అక్షరాల సంకేతం ఒకటి వస్తుంది. మన ప్రాంతంలో అది నాలుగు రోజులు చెల్లుతుంది. దానిని, గుర్తింపు పత్రాలను కొత్త కంపెనీ దుకాణంలో చూపితే, అదే సర్కిలులో అయితే మూడు పనిదినాలలోను, వేరే సర్కిలుకైతే అయిదు పనిదినాలలోను మార్పు పూర్తికావలెను. టెలిఫోను లెక్కలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ నేటికీ ఒకే సర్కిలు. ప్రస్తుత కంపెనీలో తొంబై రోజులు నిండి ఉండవలెను. పోస్టుపెయిడ్ బాకీ తీర్చి ఉండవలెను. ప్రీపెయిడ్ ఖాతాలో మిగిలిన సొమ్ము మాత్రం వెంట రాదు. కనుక రీఛార్జి గడువు ముగిసే రోజులలో మారటం తెలివి.

రెండవది గోడకు తగిలించిన టెలిఫోను నంబరు. ఇది మనవెంట రాదు. హైదరాబాదువారి 040 అయినా, విశాఖవారి 0891 అయినా, ఆ తరువాతి అంకెలు ఒక కంపెనీ ఎక్స్ఛేంజికి కట్టుబడినవి. సెల్‌ఫోనుకు ఉన్న హక్కు ఇంటి ఫోనుకు మన దేశంలో ఇంకా రాలేదు. ముప్పై ఏళ్ళుగా బంధువుల చిరునామా పుస్తకాలలో ఉన్న నంబరు, పెద్దవారికి కంఠతా వచ్చిన ఒకే ఒక నంబరు, కనెక్షను రద్దుకాగితం మీద చేసే ఒక సంతకంతో పోతుంది. నెలకు వంద రూపాయలు తగ్గుతున్నవని యువకులు తొందరపడతారు. ఆ నంబరును నమ్ముకొని దూరాన ఉన్న మేనత్తగారికి, బ్యాంకుకు, గ్యాసు కంపెనీకి, వైద్యునికి ముందుగా తెలియజేసిన తరువాతనే రద్దు చేయించవలెను. కంపెనీ పేరుమీద ఇచ్చిన ఈమెయిలు చిరునామా ఉంటే దానికీ ఇదే సూత్రం.

మూడవది టెలివిజను పెట్టె. డబ్బు పెట్టి కొన్నది కాబట్టి అది మన ఇంటనే ఉండవచ్చును గాని, వేరొక కంపెనీకి మారితే సాధారణంగా పనికిరాదు. కారణం ఇది: ప్రతి కంపెనీ తన చానళ్ళను తన తాళంతో బిగించి పంపుతుంది. ఆ తాళపుచెవి ఆ కంపెనీ పెట్టెలోనే ఉంటుంది. డిష్ అయితే అది చూచే ఉపగ్రహం కూడా వేరు కావచ్చును. ఒకే పెట్టె అన్ని కంపెనీలకు పనిచేయవలెనని 2020 ఏప్రిలులో ట్రాయ్ సిఫారసు చేసినది గాని, ఆ మేలు మన ఇళ్ళకు ఇంకా అందలేదు. పెట్టె అద్దెదా, సొంతదా అన్నది రసీదు చూచి తేల్చుకొనవలెను. అద్దెదైతే తిరిగి ఇచ్చి డిపాజిట్టు అడగవలెను. రూటరు విషయమూ అంతే. ఇచ్చివేసిన వస్తువుకు రసీదు లేకపోతే, ఆరు నెలల తరువాత దాని వెల చెల్లించమని ఉత్తరం వచ్చినప్పుడు చెప్పుకొనటానికి ఆధారం ఉండదు.

చానళ్ళను గురించి మరొక మాట. 2019 ఫిబ్రవరి 1 నుండి కావలసిన చానళ్ళను విడివిడిగా ఎన్నుకొనే హక్కు ప్రేక్షకునికి ఉన్నది. ప్రతి చానలుకు వెల ప్రకటించి ఉంటుంది. తెలుగు చానళ్ళు నాలుగు, భక్తి చానలు ఒకటి, పిల్లల చానలు ఒకటి చాలు అనుకొనే ఇంటివారు కంపెనీ మారకుండానే ఖర్చు తగ్గించుకొనవచ్చును. దూరదర్శన్ వారి ఫ్రీ డిష్‌కు నెలసరి చందాయే లేదు. కాబట్టి మారటానికి ముందు, ఉన్నచోటనే సర్దుకొనే మార్గం ఉన్నదేమో చూచుకొనటం మంచిది.

ఇక కొత్త కంపెనీని ఎన్నుకొనటం. కరపత్రం మీద వంద ఎంబీపీఎస్ అని ఉంటుంది. అవి బిట్లు. మనం దింపుకొనే సినిమా కొలత బైట్లలో ఉంటుంది. ఎనిమిది బిట్లు ఒక బైటు గనుక, సెకనుకు వంద మెగాబిట్లు అంటే పన్నెండున్నర మెగాబైట్లు మాత్రమే. మన ప్రభుత్వ నిర్వచనం ప్రకారం 2023 జనవరి నుండి కనీసం రెండు మెగాబిట్ల వేగం ఉంటేనే అది బ్రాడ్‌బ్యాండు. 'అపరిమితం' అన్న మాట పక్కన చిన్న అక్షరాలలో ఒక పరిమితి ఉండవచ్చును. అది దాటిన తరువాత వేగం ఎంతకు పడిపోతుందో అడిగి తెలుసుకొనవలెను. వెలలో పన్ను కలిసి ఉన్నదా, ఉచిత నెలల తరువాత ధర ఎంత, ఏడాది మధ్యలో మానుకుంటే ముందుగా కట్టిన సొమ్ములో ఏమి తిరిగి వస్తుంది అన్న మూడు ప్రశ్నలకు జవాబు కాగితం మీద ఉండవలెను. అన్నింటికంటె మంచి పరీక్ష మరొకటి ఉన్నది. మీ వీధిలో అదే కనెక్షను ఉన్నవారిని, "పోయినసారి తీగ తెగినప్పుడు ఎన్నాళ్ళకు వచ్చి బాగుచేసినారు?" అని అడగటం. కంపెనీ పేరు ఎంత పెద్దదైనా, మీ ఇంటికి నిచ్చెన వేసుకొని వచ్చేది ఆ వీధి లైన్‌మనే.

మార్చుకొనే క్రమం ఒకటి గుర్తుంచుకుంటే చాలును: కొత్తది వెలిగిన తరువాతనే పాతదానిని ఆర్పవలెను. కొత్త తీగ వేయించి, వారం పదిరోజులు సాయంకాలపు రద్దీలో కూడా వేగం చూచి, అప్పుడు పాతదానికి రద్దు లేఖ ఇవ్వవలెను. ఆ పది రోజులకు రెండు చందాలు కట్టవలసి రావచ్చును. పిల్లల పాఠాలు, ఇంటినుండి చేసే ఉద్యోగం ఆగకుండా ఉండటానికి అది చెల్లించదగిన వెలే. కేవలం డబ్బు కట్టటం మానివేస్తే కనెక్షను దానంతట అది పోతుందిలే అనుకొనరాదు. లేఖ ఇచ్చి, దాని నంబరు వ్రాసుకొని, రద్దైనట్లు సందేశం తెప్పించుకొనవలెను.

పాత రాగితీగ ఫోనుకు, కొత్త గాజుతీగ ఫోనుకు ఉన్న ఒక భేదాన్ని ముఖ్యంగా వృద్ధులున్న ఇళ్ళవారు గమనించవలెను. రాగితీగ ఫోనుకు కావలసిన కరెంటు ఎక్స్ఛేంజిలోని బ్యాటరీలనుండి ఆ తీగమీదనే వచ్చేది. ఇంట కరెంటు పోయినా ఫోను మ్రోగేది. గాజుతీగలో వెలుగు తప్ప కరెంటు రాదు. ఇంటి కరెంటు పోతే డబ్బా ఆగిపోతుంది, దానితో ఫోను ఆగిపోతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖమీద విరుచుకుపడినప్పుడు కరెంటు, ఫోను కలిసి పోతే ఎట్లా ఉంటుందో ఆ నగరం చూచినది. మామూలు రోజులలో వచ్చే కోతలకు ఆ డబ్బాకు చిన్న బ్యాటరీ అమర్చుకొనటం, ఛార్జి చేసిన సెల్‌ఫోను ఒకటి దగ్గర ఉంచుకొనటం చాలును.

మోసగాళ్ళ సంగతి కూడా చెప్పవలసి ఉన్నది. నేడు బ్యాంకు తాళపుచెవులు సెల్‌ఫోను నంబరుకే వస్తున్నవి. ఆ ఎనిమిది అక్షరాల సంకేతాన్ని ఫోనులో అడిగినవారికి చెప్పటం అంటే ఇంటి తాళం పరాయివాని చేతిలో పెట్టటమే. సిమ్ మార్పించిన ఏడు రోజులలోపు ఈ సంకేతం ఇవ్వరాదని 2024 జులై 1 నుండి నియమం వచ్చినది ఇందుకే. మీరు అడగకుండా అట్టి సందేశం వస్తే, ఆ సాయంకాలమే కంపెనీకి ఫోను చేయవలెను.

పాత కంపెనీ డిపాజిట్టు ఇవ్వకపోయినా, రద్దు తరువాత బిల్లు పంపినా నిస్సహాయులమని అనుకొననక్కరలేదు. ముందు కంపెనీకే ఫిర్యాదు చేసి, ఫిర్యాదు నంబరు తీసుకొనవలెను. పరిష్కారం తృప్తికరం కాకపోతే అదే కంపెనీలోని అప్పీలు అధికారికి వ్రాయవచ్చును. దీనికి రుసుము లేదు. 1915 అనే జాతీయ వినియోగదారుల నంబరు ఉన్నది. టెలిఫోను కంపెనీలమీద వినియోగదారుల కమిషనుకు వెళ్ళవచ్చునని సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో స్పష్టం చేసినది. అయితే అక్కడ గెలిచేది రసీదు ఉన్నవాడు.

బ్రిటనులో 2024 సెప్టెంబరు 12 నుండి ఒక పద్ధతి వచ్చినది. ఇంటి ఇంటర్నెట్టు గాని, ఇంటి ఫోను గాని మార్చుకొనదలచినవారు కొత్త కంపెనీకి ఒక్క మాట చెప్పితే చాలును. పాతదానితో తెంచే పని కొత్త కంపెనీయే చూచుకుంటుంది. కావలెనంటే ఇంటి నంబరు కూడా వెంట వస్తుంది. మన సెల్‌ఫోను నంబరుకు ఇటువంటి హక్కును సాధించుకున్న మనకు, ఇంటి తీగకు కూడా దానిని కోరుకొనటం అత్యాశ కాదు.

ఎందుచేతనంటే, ఈ హక్కువలన లాభం మారినవారికి మాత్రమే కాదు. ఎన్నడూ మారని ఇంటివారికి కూడా అందులో భాగం ఉన్నది. ఖాతాదారుడు రేపు వెళ్ళిపోగలడని తెలిసిన కంపెనీ ఈ రోజు ఫోను ఎత్తి మర్యాదగా మాట్లాడుతుంది, తీగ తెగిన పూటనే మనిషిని పంపుతుంది. వెళ్ళే దారి మూసి ఉన్నచోట ఆ మర్యాదకు పూచీ లేదు. అందుచేత కొత్త కనెక్షనుకు సంతకం చేసేనాడే, దానిని విడిచిపెట్టే పద్ధతి ఏమిటని అడిగి తెలుసుకోండి. ఆ జవాబు వ్రాసి ఇవ్వటానికి వెనుకాడే కంపెనీని గురించి మీరు తెలుసుకొనవలసినది అప్పటికే తెలిసిపోతుంది.