గోతులు పూడ్చకముందే టేపు పట్టాలి

(మండల సమాఖ్య సర్వసభ్య సమావేశంలో ఒక గ్రామ సంఘం కోశాధికారి చేసిన ప్రసంగ పాఠం)



మా గ్రామ సంఘం కట్టిన ట్రాక్టరు షెడ్డు గురించి మాట్లాడమన్నారు. ఈ మధ్య వేరే ఊళ్ల సంఘాల వాళ్లు వచ్చి చూసి వెళ్తున్నారు. వచ్చిన ప్రతివాళ్లూ ముందు అడిగేది ‘ఎంతయ్యిందండి?’ అని. అది జమాఖర్చుల పట్టికలో ఉంది, చూసుకోవచ్చు. నేను చెప్పదలచుకున్నది వేరే. కాంట్రాక్టరు చేత పని ఎలా చేయించుకున్నాం, ఎవరు ఏది ఎప్పుడు తనిఖీ చేశారు అన్నది.

షెడ్డు అంటే పెద్దదేం కాదండి. 40 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు. అటు నాలుగు, ఇటు నాలుగు, ఎనిమిది ఇనుప స్తంభాలు, పైన రేకులు. గోడలు లేవు. కింద ట్రాక్టరు, రోటవేటరు, నూర్పిడి యంత్రం ఉంటాయి. వానొస్తే కూలికి వెళ్లే ఆడవాళ్లం అందరం అందులోకే పరిగెడతాం. కాబట్టి అది యంత్రాల షెడ్డు మాత్రమే కాదు.

రేకుల షెడ్డు అనగానే పైన బరువు ఎంత అని ఆలోచిస్తాం. మన గోదావరి జిల్లాల్లో అడగాల్సింది గాలి ఎంత అని. 1996 నవంబరు 6 రాత్రి తుపాను చూసినవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. మొన్న 2025 అక్టోబరు 28న మొంథా వచ్చింది. గంటకు 100 కిలోమీటర్ల గాలి చదరపు మీటరుకు సుమారు 47 కిలోల ఒత్తిడి పెడుతుంది. మా కప్పు 74 చదరపు మీటర్లు. గోడల్లేని షెడ్డులోకి దూరిన గాలి కప్పును పైకి ఎత్తుతుంది. అంటే మూడు టన్నుల పైచిలుకు బలం రేకుల్ని పైకి లాగొచ్చన్నమాట. రేకుల బరువు చూస్తే నాలుగు వందల కిలోలు కూడా లేదు. దాన్ని కిందకి పట్టి ఉంచేది గోతిలో కాంక్రీటు, దాని మీద మట్టి. 3 అడుగుల చదరం, అడుగు మందం దిమ్మ సుమారు 600 కిలోలు తూగుతుంది. గొయ్యి ఒక్క అడుగు తగ్గిస్తే ఆ దిమ్మ మీద 400 కిలోల మట్టి తగ్గిపోతుంది. షెడ్డు పూర్తయ్యాక ఇవేవీ కంటికి కనపడవు. అందుకే కొలిచే రోజు కాంక్రీటు పోయకముందు రోజే.

ఈ సంగతి మాకు చెప్పింది ఏ ఇంజనీరూ కాదు. మా సంఘంలో ఇరవై ఏళ్లుగా తాపీ పనికి వెళ్లే అక్క ఒకామె ఉంది. ఇసుక, కంకర తట్టలు మోసి మోసి ఎవరు ఎక్కడ ఏం తగ్గిస్తారో ఆమెకు కంఠతా వచ్చు. ఒప్పందం రాసుకునేటప్పుడు ఆమె ఒక మాట పట్టుబట్టి రాయించింది. మా స్థలం పల్లం. మెరక చేయడానికి ఒకటిన్నర అడుగు మట్టి తోలించాం. ‘గొయ్యి 3 అడుగులు అని రాస్తే చాలదు, పాత నేల మట్టం నుంచి 3 అడుగులు అని రాయండి’ అంది. అంటే పైనుంచి నాలుగున్నర. తోలిన మట్టికి పట్టు ఉండదు కదా. మా కింద నేల నల్లరేగడి. ఎండకు నెర్రెలిస్తుంది, వానకు ఉబ్బుతుంది. పైపైన పెట్టిన దిమ్మ దాంతోపాటే కదులుతుంది. కుమారదేవంలో సినిమా చెట్టు చూశారుగా, వందేళ్లు దాటిన మహావృక్షం, 2024 ఆగస్టులో గట్టు కోసుకుపోయి ఒరిగిపోయింది. వేళ్ల కింద మట్టి కదిలితే ఏదీ నిలవదండి.

ఇప్పుడు అసలు గొడవకి వస్తాను. మూడు కొటేషన్లు తీసుకుని, తక్కువకి వేసిన ఆయనకే పని ఇచ్చాం. ఆయన మా సభ్యురాలి ఆడపడుచు భర్త. చుట్టరికం చూసి ఇవ్వలేదు, రేటు చూసి ఇచ్చాం. అయినా చుట్టరికం పనిలోకి రాకుండా ఉంటుందా!

గోతులు తవ్విన రోజు సాయంత్రమే కాంక్రీటు పోసేస్తామన్నారు. మేం నలుగురం టేపు పట్టుకెళ్లాం. ఆరు గోతులు సరిగ్గా ఉన్నాయి. వెనక వరసలో రెండు, గట్టు వైపువి, మూడున్నర అడుగులే ఉన్నాయి. ‘మూడన్నారు, మూడున్నర తవ్వాను, ఇంకేం కావాలండి?’ అన్నాడు. కాగితం తీసి చూపించాం, పాత మట్టం నుంచి అని ఉంది. దాంతో ఆయనకి కోపం వచ్చింది. ‘మీరంతా టేపులట్టుకుని తిరిగితే పనెలా అవుద్దండి? సొంత మనిషిని నమ్మరా?’ అన్నాడు. కూలీలను తీసుకుని వెళ్లిపోయాడు. నాలుగు రోజులు రాలేదు.

ఆ నాలుగు రోజులు మా సభ్యురాలు పడిన బాధ మీకు చెప్పాలి. ఇంట్లో ఆడపడుచు మాట్లాడదు, అత్తగారు సణుగుడు. సంఘం మీటింగుకి వచ్చి ఏడ్చేసింది. ‘అడుగు మట్టి కోసం నా కాపురంలో నిప్పులు పోశారు’ అంది. ఆమె మాటలో తప్పు లేదు. మా మాటలో కూడా తప్పు లేదు. అందరి పొదుపు డబ్బు, బ్యాంకు అప్పు కలిపి కడుతున్న షెడ్డు అది. రెండు స్తంభాలు లేస్తే కప్పు మొత్తం పోతుంది.

చివరికి మీటింగులో రెండు తీర్మానాలు రాశాం. ఒకటి, ఎనిమిది గోతులూ, ప్రతి దశా, ఎవరు కాంట్రాక్టరైనా ఇద్దరు సభ్యులు కొలిచి సంతకం పెట్టాలి, ఆ ఇద్దరిలో కాంట్రాక్టరు బంధువులు ఉండకూడదు. దాంతో ఆమె మీద భారం తగ్గింది. ‘నేను కొలవలేదు, రూలు కొలిచింది’ అని ఇంట్లో చెప్పుకోగలిగింది. రెండోది, ఆ రోజు ఆగిపోయిన కూలీలకు అరపూట కూలి సంఘం ఇవ్వాలి. దీని మీద మాలో మాకే వాదన జరిగింది. తప్పు ఆయనదైతే మనమెందుకిస్తాం అన్నారు కొందరు. కూలీలు ఏం చేశారండి? వాళ్లూ మనలాంటి వాళ్లే. ఇచ్చాం. అయిదో రోజు ఆయన వచ్చి రెండు గోతులూ దింపాడు. తరవాత పని బాగానే చేశాడు, అది కూడా చెప్పాలి.

కాంక్రీటు దగ్గర మా తాపీ అక్కే కాపలా. సిమెంటు ఒకటి, ఇసుక ఒకటిన్నర, కంకర మూడు. బస్తాకి నీళ్లు 30 లీటర్లు మించకూడదు. మాలు జారుగా ఉంటే పోయడం తేలిక, అందుకని కూలీలు బొక్కెన బొక్కెన కుమ్మరిస్తారు, బలం అక్కడే పోతుంది. బస్తా మీద పీపీసీ అని ఉందేమో చూడండి. ఉంటే కనీసం 10 రోజులు తడపాలి. తడపడం కాంట్రాక్టరుకి వదిలిపెట్టొద్దు. మేం వంతులు వేసుకుని గోనెపట్టాలు కప్పి తడిపాం.

ఇనుము సంగతి. చదరపు అడుగు లెక్కన పని ఇస్తే పైపు పల్చగా వేసినవాడికి లాభం. కిలో లెక్కన ఇస్తే అక్కర్లేని ఇనుము వేసినవాడికి లాభం. మేం కిలో లెక్కే పెట్టి, ఏ పైపు ఎంత మందం, ఎన్ని అనేది బొమ్మతో సహా రాసుకున్నాం. 100 మిల్లీమీటర్ల చదరపు పైపు 4 మిల్లీమీటర్ల మందంది మీటరుకు సుమారు 12 కిలోలు ఉంటుంది, 3 మిల్లీమీటర్లది 9 కిలోలు. 6 మీటర్ల పైపు 72 తూగాల్సింది 54 తూగితే ఇంకేం అడగక్కర్లేదు. లోడు దిగకముందే వేబ్రిడ్జి చీటీ తీసుకోండి. రెడాక్సైడు పూయకముందే చూడండి, రంగు వేశాక వెల్డింగు ఎక్కడ అతికిందో ఎక్కడ అతకలేదో కనపడదు. రేకులు చూరు అంచుల దగ్గర దగ్గరదగ్గరగా బిగించాలి, గాలి ముందు పట్టేది అక్కడే.

అధికారుల తనిఖీ గురించి రెండు మాటలు. పంచాయతీ అనుమతి, కరెంటు సర్వీసు, ఇవి పని మొదలుపెట్టకముందే చూసుకోవాలి. మా స్థలం పక్కన 11 కేవీ లైను పోతుంది. కప్పు అంచుకి పక్కన 1.2 మీటర్లు, పైన 3.7 మీటర్లు ఖాళీ ఉండాలి. ముగ్గు పోసేముందే లైన్‌మన్‌ని పిలిచి చూపించాం, ఒక వరస స్తంభాలు లోపలికి జరిపాం. ముగ్గు చెరపడానికి ఖర్చేముందండి!

కాంట్రాక్టరు బిల్లులో ‘ఆఫీసు ఖర్చులు’ అని ఆరు వేలు రాశాడు. ఏ ఆఫీసు, రసీదు ఏది అని అడిగాం. రసీదు లేదు. మేమూ ఇవ్వలేదు. అనుమతి కాగితాలకు మేమే ముగ్గురం వెళ్లాం, ఆయన్ని ఒక్కణ్నీ పంపలేదు.

మీలో చాలామందికి గోకులం షెడ్లు వచ్చాయి. రెండు పశువులకి 1,15,000, నాలుగింటికి 1,85,000, ఆరింటికి 2,30,000, అందులో 90 శాతం ప్రభుత్వమే ఇస్తుంది కాబట్టి అధికారులు చూసుకుంటారులే అనుకుంటారు. ఎం-బుక్కులో కొలతలు రాసేది వాళ్లే, నిజం. కానీ ఇంజనీరింగ్ అసిస్టెంటుకి చేతిలో ఎన్ని పనులుంటాయి? గొయ్యి పూడ్చాక వస్తే ఆయనకైనా పైనున్నదే కనపడుతుంది. ఫలానా రోజు కాంక్రీటు అని ముందే ఫోను చేసి చెప్పండి. రాలేకపోతే టేపు గోతిలో పెట్టి, అంకె కనపడేలా ఫొటో తీసి పంపండి. షెడ్డు మీది, పశువు మీది.

డబ్బు విషయం చెప్పి ముగిస్తాను. అడ్వాన్సు పది శాతమే ఇచ్చాం. తరవాత గోతులు, దిమ్మలు, స్తంభాలు, కప్పు, ఇలా ప్రతి దశలో ఇద్దరి సంతకాలు పడ్డాకే చెక్కు. చివరి పది శాతం ఒక వానాకాలం గడిచాక అని రాసుకున్నాం. ఆయన మొన్న వచ్చి అడిగాడు. కార్తీకం వెళ్లనివ్వండి, అప్పుడు నట్లు బోల్టులు మీరూ మేమూ కలిసి చూసుకుని ఇచ్చేస్తాం అన్నాం. సరేనన్నాడు. ఒప్పందం నకలు, కొలతల పుస్తకం సమాఖ్య ఆఫీసులో అకౌంటెంటు దగ్గర పెట్టాం. కావలసిన సంఘాల వాళ్లు తీసుకోవచ్చు.