జూ డాక్టర్ కావాలనుకుంటున్న చెల్లికి



పోయిన మీటింగ్ అయ్యాక బైపీసీ చదివే ఒక చెల్లి నన్ను పక్కకు పిలిచింది. "అన్నా, నాకు జూలో డాక్టర్ కావాలని ఉంది. ఇంట్లో చెప్తే, పులుల పేరు మీద మనల్ని అడవిలోంచి పొమ్మంటుంటే నువ్వు పోయి ఆ పులికే సూది వేస్తావా అంటున్నారు" అన్నది. ఆరోజు నాకు జవాబు తోచలేదు. ఇవాళ చెప్తా. నీ మనసులో కూడా ఇదే ఉంటే, ఇది నీక్కూడా.

ఇంట్లోవాళ్ల కోపం ఉత్తగనే రాలేదు. 2024 జూన్‌లో జాతీయ పులుల సంరక్షణ సంస్థ 19 రాష్ట్రాలకు లేఖ రాసింది. పులుల కోర్ ప్రాంతాల్లోని 591 ఊళ్లు, 64,801 కుటుంబాల తరలింపు సంగతి తొందరగా తేల్చమని. గ్రామసభ ఒప్పుకోకుండా కదిలించొద్దని 2006 అటవీ హక్కుల చట్టం చెప్తుంది గానీ, ఆ ముక్క మనం పోయి గుర్తుచేస్తే తప్ప ఆఫీసుల్లో ఎవరికీ గుర్తుకురాదు.

అయితే ఈ పగ పులిది కాదు కదా. జంతువును మొక్కి, దాన్ని ముట్టని గోత్రాలు మనలోనే ఉన్నాయి.

ఇక ఉద్యోగం సంగతి. నీట్ ర్యాంకుతో సీటు, ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు చదువు. మన రెండు రాష్ట్రాల్లో పెద్ద జూలు హైదరాబాద్, వరంగల్, విశాఖ, తిరుపతి, అంతే. పోస్టులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పని కూడా పులిపిల్లకు పాలు పట్టే ఫొటోలాంటిది కాదు. అడవి జంతువు రోగాన్ని దాచిపెడుతుంది. పేడ చూడాలి, తినకుండా వదిలేసిన మాంసం చూడాలి, కీపర్ మాట వినాలి. బరువు కంటితో అంచనా కట్టి మత్తుమందు వేయాలి. ఎక్కువైతే లేవదు, తక్కువైతే నీ మీదికే లేస్తుంది. చచ్చిన ప్రతిదాన్నీ కోసి కారణం రాయాలి. బోనులో జంతువును ఇరవై ఏళ్లు రోజూ చూడగలవా? ఇది నువ్వే తేల్చుకో.

మంచి కూడా ఉంది. హైదరాబాద్ జూలో సీసీఎంబీ వాళ్లతో కలిసి మూషిక జింకలను పెంచి, 2017లో అమ్రాబాద్ అడవిలో వదిలారు. చెంచుల అడవి అది. 2021లో అక్కడి ఎనిమిది సింహాలకు కరోనా వస్తే కాపాడుకున్నారు.

కానీ నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది వేరే. కవ్వాల్ చుట్టుపక్కల ఊళ్లో పులి ఆవును చంపిందనుకో. పరిహారం రావాలంటే పశువైద్యుడు వచ్చి కళేబరం చూసి, విలువ కట్టి, సంతకం పెట్టాలి. వచ్చినాయనకు గోండి రాదు, కొలామీ రాదు. పక్కన బీట్ ఆఫీసర్ ఉంటాడు. ముసలాయన చెప్పింది ఆ బీట్ ఆఫీసర్ మాటల్లోనే కాగితం మీదికెక్కుతుంది. చూడి ఆవు కాస్తా వట్టి ఆవు అయిపోతుంది. ఆ కాగితం దగ్గర నువ్వుంటే?

అందుకే నా మాట: డిగ్రీ మాత్రం వదలకు. మొదట కొన్నేళ్లు ఏజెన్సీ మండలంలో పని చెయ్. గాలికుంటు, గొంతువాపు, కోళ్లకు కొక్కెర, ఇవన్నీ చేత్తో పట్టి చూడు. అప్పటికీ మనసు అటే లాగితే జూకి పో. చాలా చోట్ల పశుసంవర్ధక శాఖ నుంచే డిప్యుటేషన్ మీద తీసుకుంటారు, దారి మూసుకుపోదు. పోయినా ఊరి మీటింగులకు రా. పులి గురించి మాట్లాడేటప్పుడు పులి తెలిసినవాళ్లు మనవైపు ఒక్కరన్నా ఉండాలి. ఇప్పుడైతే లేరు.

ఈలోపల ఒక పని చెయ్యి. మేకలకు పారుడు రోగం టీకాలు వేసే రోజున డాక్టర్ వెంట నాలుగు గూడేలు తిరుగు. పేడలో చెయ్యి పెట్టి, తన్నులు తిని, సాయంత్రం ఇంటికొచ్చాక కూడా ఇష్టం పోకపోతే ఫోన్ చెయ్. మీ నాయనతో నేనొచ్చి మాట్లాడతా.