దాదీమా చలివేంద్రం

(పటాన్‌చెరు సమీపంలోని ఒక పల్లెలో జరిగిన సంస్మరణ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మా దాదీమాను గురించి నాలుగు మాటలు చెప్పమని పెద్దలు కోరారు. ఆమె దయగల మనిషి అని ఇప్పటికే చాలామంది అన్నారు. ఆ మాట అక్షరాలా నిజం. అయితే ఆ దయ ఏ పని రూపంలో ఉండేదో, ఆ పనికి ఎవరు అడ్డుపడ్డారో కూడా చెప్పుకుంటేనే ఆమెను నిజంగా స్మరించుకున్నట్లవుతుందని మేము భావిస్తున్నాము.

ఆమె కోడలిగా ఈ పల్లెకు వచ్చేనాటికి చుట్టూ జొన్న చేలు, వరి మళ్లు ఉండేవి. నక్కవాగు నీటితో పొలాలు పండేవి, పశువులు ఆ వాగులోనే దాహం తీర్చుకునేవి. ఆ వాగు మంజీరలో కలుస్తుంది. 1970లలో ఈ ప్రాంతం పారిశ్రామికవాడగా మారసాగింది. పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం పరిసరాలలో మందుల, రసాయనాల కర్మాగారాలు వెలిశాయి. వాటివల్ల ఉపాధి లభించిందన్నది కాదనలేని నిజం. మా ఇంటి మగవారు కూడా ఆ గేట్ల లోపలే కూలికి కుదిరి కుటుంబాన్ని పోషించారు.

కర్మాగారాలకు నడిచివెళ్లే దారి మా గడప ముందు నుంచే సాగుతుంది. ఎండలు మొదలు కాగానే దాదీమా వేపచెట్టు కింద ఇసుక పరచి రంజన్ నిలిపేవారు. ఫజర్ నమాజు ముగియగానే చేదబావి నుంచి బొక్కెనతో నీరు తోడి నింపేవారు. రాత్రి షిఫ్టు ముగించుకుని వచ్చేవారికి ఆ నీరే మొదటి విశ్రాంతి. పాలమూరు, ఒడిశా, బిహార్ నుంచి వచ్చిన కూలీలు అక్కడ ఆగేవారు. ఏ ఊరు, ఏ కులం, ఏ మతం అని ఆమె ఎన్నడూ అడగలేదు. "ఖానా ఖాయే క్యా బేటా?" అన్న ఒక్క ప్రశ్నే అడిగేవారు. ఎండాకాలంలో వచ్చిన రంజాన్ మాసాలలో, రోజాలో ఉండి తాను చుక్క నీరు ముట్టకుండా, ఇతరుల కోసం రోజుకు రెండుమార్లు ఆ రంజన్ నింపిన మనిషి ఆమె.

కొన్నేళ్లకు బావి నీటి రంగు మారింది. వండిన అన్నం పసుపు పచ్చగా మారేది. నీటిని పట్టి ఉంచిన బిందెలో మడ్డి పేరుకునేది. వేరే దారి లేక ఇంట్లోవారం ఆ నీటినే కొంతకాలం తాగాము. కానీ దాదీమా దానిని దారినపోయేవారికి పోయడానికి ఒప్పుకోలేదు. ఆ ఏడాది రంజన్‌ను బోర్లించి పెట్టారు. ఇంటికి వచ్చిన దాహాన్ని తిప్పి పంపవలసి రావడమే తన జీవితంలో అతిపెద్ద కష్టమని ఆమె అనేవారు. తరువాతి కాలంలో పింఛను డబ్బులో కొంత తీసి ఇరవై లీటర్ల నీటి క్యాన్లు కొని మళ్లీ రంజన్ నింపడం ప్రారంభించారు. తాతగారి కాలంలో ఉచితంగా ఊరిన నీటిని ఒక ముసలి వితంతువు డబ్బిచ్చి కొని దానం చేయవలసి వచ్చింది.

ఇది మా ఒక్క గడప కథ కాదు. ఈ ప్రాంత కాలుష్యంపై 1990లోనే సుప్రీంకోర్టులో వ్యాజ్యం దాఖలైంది. ఆ కేసు తరువాత హైకోర్టుకు, అక్కడినుంచి జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు చేరింది. పటాన్‌చెరులో వైద్యం చేసిన డాక్టర్ కిషన్‌రావు వంటివారు దశాబ్దాల పాటు పల్లెల పక్షాన నిలిచారు. 1994లో ఉమ్మడి వ్యర్థజల శుద్ధి కేంద్రం ఏర్పడింది. అయినా 2007లో స్వీడన్‌కు చెందిన జోకిమ్ లార్సన్ బృందం వెలువరించిన పరిశోధన ప్రపంచాన్ని నివ్వెరపరచింది. సుమారు 90 మందుల తయారీ సంస్థల వ్యర్థాలను స్వీకరించే ఆ కేంద్రంలో శుద్ధి అయి బయటకు వచ్చిన నీటిలో, సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నట్లు తేలింది. ఆ మందు వాడే రోగి రక్తంలో ఉండే మోతాదు కంటే అది ఎక్కువ. ఇలాంటి నీటిలో పెరిగే సూక్ష్మక్రిములు మందులకు లొంగకుండా తయారవుతాయి. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పటాన్‌చెరు, బొల్లారం ప్రాంతాన్ని దేశంలోని తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాలో చేర్చింది.

ఇక్కడ ఒక విషయాన్ని మీ దృష్టికి తేదలచాము. పంట నష్టానికి పరిహారం లెక్కించినప్పుడు ఎకరాలే కొలమానమయ్యాయి. పట్టా ఉన్న రైతుకు కొంత దక్కింది. అది న్యాయమే, నిజానికి అతనికి దక్కింది కూడా చాలదు. కానీ సెంటు భూమి లేని మా వంటి ముస్లిం కుటుంబాలు, దళిత కుటుంబాలు ఆ లెక్కలోకి రాలేదు. బావి పోయిన స్త్రీ నష్టాన్ని ఏ ఎకరంతో కొలుస్తారు? మైళ్ల దూరం బిందెలు మోసిన నడుములను, నీటికోసం కొంగున దాచిన రూపాయలను ఏ రికార్డులో రాశారు? మా దాదీమా కోల్పోయిన దానికి ఏ కాగితంలోనూ గడి లేదు.

హజ్రత్ సఅద్ బిన్ ఉబాదా (రజి) తన తల్లి మరణించిన తరువాత, ఆమె పేరిట ఏ దానం శ్రేష్ఠమని దైవప్రవక్త (స) వారిని అడిగారు. నీరు అని వారు సమాధానమిచ్చారు. అప్పుడు ఆయన బావి తవ్వించి, తల్లి పేరిట దానం చేశారు. తల్లులను స్మరించుకునే తీరును మనకు నేర్పిన ఉదంతమిది. నేడు ఈ ప్రాంతంలో బావి తవ్విస్తే చాలదు. అందులో ఊరే నీరు తాగదగినదిగా ఉండేలా చూడటం కూడా ఆ సదఖా జారియాలో భాగమే.

రాజ్యాంగం 21వ అధికరణం ప్రసాదించిన జీవించే హక్కులో కాలుష్యం లేని నీరు కూడా ఉందని 1991లో సుభాష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కనుక ఎవరి దయాదాక్షిణ్యాలో కోరనవసరం లేదు, మన హక్కునే అడుగుదాం. మొదటిది, మన వీధిలోని ప్రతి బావి, ప్రతి బోరు నీటి పరీక్షా ఫలితాలను సమాచార హక్కు చట్టం కింద రాతపూర్వకంగా కోరుదాం. సాధారణంగా 30 రోజులలో సమాధానమివ్వడం అధికారుల బాధ్యత. రెండవది, కొత్త కర్మాగారాలపై ప్రజాభిప్రాయ సేకరణ జరిగినప్పుడు మన స్త్రీలు ముందు వరుసలో కూర్చోవాలి. నీటి సంగతి వారికంటే బాగా తెలిసినవారు లేరు. మూడవది, రైతు సోదరులతో, వలస కూలీలతో కలిసి నడుద్దాం. వాగు అందరి గడపలనూ తాకుతూ పారుతుంది.

దాదీమా పేరిట ఈ వేసవి నుంచి చలివేంద్రం నడపాలని మేము నిశ్చయించుకున్నాము. దానితోపాటు, పరీక్షించిన నీటి నివేదికను కూడా అక్కడే అతికించి ఉంచుతాము.

అల్లాహ్ ఆమెను మన్నించి, స్వర్గంలో ఉన్నత స్థానం ప్రసాదించుగాక. ఆమె పోసిన ప్రతి లోటా నీటికి ప్రతిఫలం ఇచ్చుగాక. ఆమీన్.