గాజువాక లెక్కల్లో స్త్రీలు ఎక్కడ?

(మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



విశాఖపట్నం శివారు గాజువాక ఎలా పెరిగిందని అడిగితే చాలామంది ఉక్కు ఫ్యాక్టరీ వల్ల పెరిగిందంటారు. అది నిజమే, కానీ సగం నిజం. ఆ పెరుగుదలలో ఎవరిని లెక్కపెట్టారు, ఎవరిని వదిలేశారు అన్నది నా ప్రశ్న.

1966లో 'విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు' అంటూ రాష్ట్రమంతా కదిలింది. పోలీసు కాల్పుల్లో 32 మంది ప్రాణాలు పోయాయి. 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగింది. 1992లో కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. ఇదంతా పుస్తకాల్లో ఉంది. అదే కర్మాగారం కోసం ఇరవై వేల ఎకరాలకు పైగా భూమి పోయింది. 60కి పైగా గ్రామాల ప్రజలు నిర్వాసితులయ్యారు. వాళ్లు పెదగంట్యాడ, వడ్లపూడి, అగనంపూడి వైపు కాలనీల్లో స్థిరపడ్డారు. ఇవాళ్టి గాజువాక శివారులో పెద్ద భాగం ఈ కాలనీలే.

అప్పటి భూసేకరణ చట్టం 1894 నాటిది. పరిహారం ప్రధానంగా పట్టా ఉన్నవారికే. పట్టా ఎవరి పేరు మీద ఉండేది? తండ్రి, భర్త, కొడుకు. ఉమ్మడి ఆస్తిలో హిందూ కుటుంబాల కూతుళ్లకు పుట్టుకతో వాటా ఇచ్చే సవరణ మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు నుంచి గాని అమల్లోకి రాలేదు. అప్పటికే ఎన్నో ఊళ్లు ఖాళీ అయ్యాయి. నిర్వాసితులకు 'ఆర్ కార్డు' ఇచ్చి ఉద్యోగాల్లో ప్రాధాన్యం ఇస్తామన్నారు. కార్డున్న వేలమందికే ఉద్యోగం రాలేదు. ఇక కార్డే లేని స్త్రీల మాటేమిటి? కూలికి నాట్లు వేసిన స్త్రీ, జీడిపిక్కలు ఏరిన స్త్రీ, ఎండుచేపలు గంపలో పెట్టుకుని ఊరూరా అమ్మిన స్త్రీ పోగొట్టుకున్నది ఏ కాగితం మీదా ఎక్కలేదు.

అయినా ఈ కాలనీలను ఊళ్లుగా నిలబెట్టింది ఆ స్త్రీలే. కుళాయి దగ్గర వంతులు పెట్టుకోవడం, పురిటికీ చావుకీ చేయందుకోవడం, చీటీలు కట్టుకుని పిల్లల చదువు నడపడం వాళ్ల పనే. ఊళ్లు లేకపోయినా శివరాత్రికి అప్పికొండ సోమేశ్వరస్వామి గుడి దగ్గరికి జనం చేరతారు. ఉక్కు కర్మాగారంలో పెట్టుబడులు పూర్తిగా ఉపసంహరించాలని 2021 జనవరిలో కేంద్రం నిర్ణయించినప్పుడు, కూర్మన్నపాలెం కూడలి దీక్షా శిబిరంలో కార్మికులతోపాటు వారి ఇళ్ల స్త్రీలూ కూర్చున్నారు.

దీన్ని 'కలివిడితనం' అని మెచ్చుకుంటారు. నాకు ఆ మెప్పు మీద అనుమానం ఉంది. ప్రభుత్వం చేయాల్సిన పనిని స్త్రీలు జీతం లేకుండా చేస్తుంటే దానికి పెట్టిన ముద్దుపేరు అది కాకూడదు. కలివిడితనం హక్కుగా మారాలి.

అందుకు ఒక ఆధారం ఉంది. 2013 భూసేకరణ చట్టం వితంతువులను, విడాకులు పొందినవారిని, కుటుంబం వదిలేసిన స్త్రీలను విడి కుటుంబాలుగా గుర్తించింది. ఆ భూమి మీద ఆధారపడి బతికే వ్యవసాయ కూలీలనూ కౌలుదార్లనూ బాధిత కుటుంబాల్లో చేర్చింది. వెనకటి నిర్వాసితులకు ఇది వర్తించదు. పైగా కొన్ని రకాల ప్రాజెక్టులకు సామాజిక ప్రభావ అంచనా నుంచి మినహాయింపు ఇచ్చేలా రాష్ట్రం 2018లో సవరణ తెచ్చింది. అంటే స్త్రీల నష్టాన్ని నమోదు చేయించే సందర్భమే తప్పిపోవచ్చు.

కాబట్టి మనం చేయాల్సిన పనులు కొన్ని ఉన్నాయి. ఒకటి, పోయిన ఊళ్లలో స్త్రీలు ఏ పని చేసి బతికారో పెద్దవాళ్లు ఉండగానే రాసిపెట్టుకోవాలి. రెండు, ఇంటి కాగితం మీద స్త్రీ పేరు ఉందో లేదో వీధి వీధిన చూడాలి. మూడు, కొత్తగా ఎక్కడ భూమి తీసుకుంటామన్నా, నోటీసు వచ్చిన రోజే కూలి స్త్రీల, ఒంటరి స్త్రీల జాబితా మన చేతిలో సిద్ధంగా ఉండాలి.

కష్టంలో ఒకరికొకరు నిలబడటం మన స్త్రీలకు ఎవరూ నేర్పనక్కర్లేదు. ఆ బలాన్ని కాగితం మీదికి ఎక్కించడమే ఇప్పుడు మన పని.