కౌమారం, కుటుంబం, చేతిఫోను: మామిడి సీమను గురించి ఒక స్మారకోపన్యాసం

పదేళ్ల నుంచి పందొమ్మిదేళ్ల వరకు గల వయసును ప్రపంచ ఆరోగ్య సంస్థ కౌమారంగా పరిగణిస్తుంది. ఈ వయసులో స్థిరపడే తిండి, నిద్ర, ఆటల అలవాట్లకూ నడివయసులో తలెత్తే మధుమేహానికీ, రక్తపోటుకూ సంబంధం ఉందని వైద్యశాస్త్రం చెబుతున్నా, వాటిని సరిదిద్దే ప్రయత్నాలు చాలావరకు తరగతి గదిలో పిల్లలకు పాఠం చెప్పడంతోనే ఆగిపోతున్నాయి. పిల్లలు తినే కూరను కొనేదీ, వండేదీ, వడ్డించేదీ పెద్దలే అయినప్పుడు, ఆ పెద్దలను పక్కన పెట్టి పిల్లలకు మాత్రమే బోధించే కార్యక్రమం ఫలించడం కష్టం.

ఈ విషయాన్ని ముందుగా గుర్తించి ఆచరణలో పెట్టినవారిలో అమెరికాలోని మయామి విశ్వవిద్యాలయ పరిశోధకులు హిల్డా పాంటిన్, గియెర్మో ప్రాడో ముఖ్యులు. లాటిన్ అమెరికా మూలాలున్న కుటుంబాల కోసం వారు రూపొందించిన ‘ఫమీలియాస్ యునీదాస్’ మొదట మాదకద్రవ్యాల వంటి ప్రమాదాల నుంచి పిల్లలను కాపాడడానికి పుట్టి, తరువాత ఆహారం, వ్యాయామం వైపు విస్తరించింది. దాని ఇంటర్నెట్ రూపంలో తల్లిదండ్రులు ముందే చిత్రించిన భాగాలను, వాటిలో టీవీ సీరియల్ ఫక్కీలో సాగే కథను కూడా, ఇంట్లోనే చూస్తారు, ఆపైన శిక్షణ పొందిన సహాయకులు వీడియో కాల్‌లో తల్లిదండ్రులనూ పిల్లలనూ కలిపి మాట్లాడిస్తారు. వలస వచ్చిన ఇళ్లలో పిల్లలు కొత్త భాషనూ కొత్త రీతులనూ పెద్దలకన్నా త్వరగా అందుకోవడం వల్ల ఏర్పడే ఎడాన్ని తగ్గించడం ఆ కార్యక్రమపు లక్ష్యాలలో ఒకటి. ఆ ఎడం తెలుగు పల్లెకు పరాయిది కాదు. తొలితరం చదువు సాగుతున్న ఇంట్లో ఫోనును నడిపేది కొడుకో కూతురో, అందులో ఏముందో అడిగి తెలుసుకొనేది తల్లి.

2016–18లో జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వే దేశంలోని కౌమార వయస్కులలో 28 శాతం మందికి రక్తహీనత, అంటే రక్తంలో హిమోగ్లోబిన్ తగ్గిన స్థితి, ఉన్నట్లు తేల్చింది. 24 శాతం మంది ఉండవలసినదానికన్నా సన్నగా, 5 శాతం మంది అధిక బరువుతో ఉన్నారు. మరోవైపు 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో మూడో వంతుకు పైగా అధిక బరువు లేదా స్థూలకాయం గలవారే. రక్తం లేని కూతురూ బరువు పెరిగిన తల్లీ ఒకే కుండలోని అన్నం తింటున్నారంటే, చికిత్స అవసరమైనది ఆ ఇంటి భోజనానికి.

ఆంధ్రప్రదేశ్‌లోని మామిడి సీమ అయిన విస్సన్నపేట ప్రాంతంలో ఆ భోజనానికి మామిడితో విడదీయరాని సంబంధం ఉంది. నూజివీడు, విస్సన్నపేట, రెడ్డిగూడెం తోటలలో కాసిన బంగినపల్లి, తోతాపురి, చిన్న రసాలు వేసవిలో లారీలకెక్కి బయటి మార్కెట్లకు తరలిపోతాయి. కాయ కోసిన కూలి ఇంట్లో తక్కిన నెలల్లో పండు కొని తినడం అరుదు, ఆవకాయ మాత్రం ఏడాది పొడవునా ఉంటుంది. జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన మార్గదర్శకాలు రోజుకు 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు తినాలనీ, ఉప్పు 5 గ్రాములు మించకూడదనీ సూచిస్తున్నాయి. ఆవకాయ మానమని చెప్పే సందేశాన్ని ఈ సీమలో ఎవరూ చెవిన పెట్టరు, పెట్టనవసరమూ లేదు. ఊరగాయ కూర స్థానాన్ని ఆక్రమించడమే అసలు చిక్కు. తోటకూరలో పుల్లమామిడి వేసి పప్పు వండితే, ఆ కాయలోని సి విటమిన్ ఆకుకూరలోని ఇనుము ఒంటబట్టడానికి తోడ్పడుతుంది. అన్నం తిన్న వెంటనే తాగే టీ దానికి అడ్డుపడుతుంది. బడిలో వారానికొకసారి ఇచ్చే ఇనుము మాత్రకూ ఇదే వర్తిస్తుంది. ఈ రెండు మాటలూ తల్లికి తెలిస్తే కలిగే ప్రయోజనం గోడ మీద అంటించిన చార్టు వల్ల కలగదు.

ఫోను సందేశాలకు అలవాట్లను మార్చే శక్తి ఉందనడానికి రుజువు ఉంది. మధుమేహం అంచున ఉన్న 537 మంది పురుషులపై దక్షిణ భారతంలో జరిగిన పరిశోధనలో, క్రమంగా ఎస్ఎంఎస్‌లు అందుకున్నవారిలో 18 శాతానికి, అందుకోనివారిలో 27 శాతానికి మధుమేహం వచ్చినట్లు 2013లో ప్రచురితమైంది. అయితే వారు సొంత ఫోనూ సొంత సంపాదనా ఉన్న పెద్దలు. ఎనిమిదో తరగతి పిల్లకు ఆ రెండూ ఉండవు. తల్లుల సంగతీ అంతంత మాత్రమే: పైన చెప్పిన కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి రాష్ట్రంలో తామే వాడుకొనే ఫోను ఉన్న స్త్రీలు సగానికి కొంచెం తక్కువ, ఇంటర్నెట్ ఎప్పుడైనా వాడినవారు అయిదింట ఒక వంతు. మయామి వీడియోలను అలాగే దిగుమతి చేసుకోవడం అందువల్ల తగదు. గర్భిణులకూ బాలింతలకూ వారం వారం మాటలు వినిపించే కేంద్ర ప్రభుత్వపు ‘కిల్కారీ’ ఈ సీమకు దగ్గరి నమూనా; దానికి చదువు అక్కరలేదు, మామూలు ఫోనులోనూ వినవచ్చు.

కుటుంబం చేయలేనివీ ఉన్నాయి. పొరుగున ఉన్న ఏ.కొండూరు తండాలలో మూత్రపిండాల జబ్బుతో బాధపడుతున్నవారికి సురక్షితమైన నీరు అందించడం ప్రభుత్వ బాధ్యత. ఆ భారాన్ని ఏ సందేశమూ తల్లుల మీదికి నెట్టకూడదు.

బడి చేయగలిగిన పనికీ హద్దు ఉంది. గుడ్డు, చిక్కీ, రాగిజావ పిల్లలకు అందేది బడి నడిచే రోజుల్లోనే; ఏప్రిల్ చివర సెలవులిస్తే అవి జూన్ దాకా ఆగిపోతాయి, సరిగ్గా అప్పుడే తల్లిదండ్రులు తెల్లవారకముందే కాయకోతకు వెళతారు. కాబట్టి ఏఎన్ఎం, ఆశా కార్యకర్త, ఉపాధ్యాయులు కలిసి జూలైలో ఇలాంటి కార్యక్రమంలోకి కుటుంబాలను చేర్చుకొని, తండ్రి ఫోను ఇంట్లో ఉండే రాత్రి వేళకు వారానికొక కాల్ ఏర్పాటు చేసి, ఆ కాల్‌ను స్పీకర్‌లో అందరూ వినేలా అలవాటు చేసి, వేసవి వచ్చేసరికి ఆ ఇంటి మాటల్లో అది భాగమయ్యేలా చూడవలసి ఉంటుంది. ఫలితాన్ని పిల్లల బరువుతో మాత్రమే కొలవకూడదు. వారంలో ఆకుకూర ఎన్ని పూటలు వండారు, ఇనుము మాత్ర ఎన్ని వారాలు వేసుకున్నారు, తండ్రి ఎన్నిసార్లు ఆ కాల్ విన్నాడు అన్నవి ఇంటింటికీ వెళ్లే ఆశా కార్యకర్త నమోదు చేయగలిగిన కొలతలే.