చూసినవారి చేతికి పుస్తకం

సినిమాగానో సీరియల్‌గానో చూసేసిన కథను మళ్ళీ పుస్తకంలో చదవడం దండగ అనే మాట తరచుగా వినబడుతోంది. విజయనగరంలో నిలబడి ఈ మాట ఒప్పుకోవడం కష్టం. గురజాడ ‘కన్యాశుల్కం’ నాటకాన్ని జగన్నాథ విలాసినీ సభ వారు ఈ ఊళ్ళో 1892లో ఆడారు. అది పుస్తకంగా వచ్చింది 1897లో. చూసినవారు ముందు, అచ్చులో చదివినవారు అయిదేళ్ళ తర్వాత. కాబట్టి చూశాక చదవడం టీవీ తెచ్చిపెట్టిన అలవాటు కాదు, ఈ ఊరి పుస్తకం పుట్టినప్పటి నుంచీ ఉన్నదే.

1955లో పి. పుల్లయ్య ఈ నాటకం నుంచి తీసిన సినిమాలో గిరీశం ఎన్.టి. రామారావు, మధురవాణి సావిత్రి. దాన్ని హాల్లో చూడని తరాలకు టీవీయే చూపించింది. అలా చూసినవారికి ఒక మేలు జరిగింది. గురజాడ పాత్రలది గ్రాంథికం కాదు, ఈ ప్రాంతపు నోటిమాట. అందులోనూ ఒక్కొక్కరి తీరు ఒక్కొక్కటి. కొత్త పాఠకుడు తడబడేది అక్కడే. ఒకసారి చెవిన పడితే ఆ మాటల విరుపు చదువుతున్నప్పుడు దానంతటదే పలుకుతుంది.

సావిత్రి ముఖం చూశాక మధురవాణిని సొంతంగా ఎలా ఊహించుకుంటాం అంటారు. న్యాయమైన ప్రశ్నే. ఆ ముఖం అంత తేలిగ్గా చెరగదు. అయితే గురజాడ మధురవాణిని నిలబెట్టింది రూపంతో కాదు, మాటతో. తనను ఉంచుకున్న రామప్పపంతులును ఆమె ఆడించే తీరు చదువుతుంటే ముఖం వెనక్కి తగ్గి బుద్ధి ముందుకొస్తుంది. గిరీశం సంగతి మరీ స్పష్టం. తెర మీద అతనికి కథానాయకుడి కళ ఉంది. పుస్తకంలో పూటకూళ్ళమ్మ సొమ్ము వాడేసి తప్పించుకు తిరిగినవాడే వెంకటేశానికి గురువు, వితంతువు బుచ్చమ్మ ముందు సంస్కర్త. ఆ కళ అక్కడ నిలవదు.

ఇది నాటకం కదా, నవల మాటేమిటనవచ్చు. డాక్టర్ పి. శ్రీదేవి ‘కాలాతీత వ్యక్తులు’ ఆధారంగా 1963లో ‘చదువుకున్న అమ్మాయిలు’ వచ్చింది. ఆ సినిమా నచ్చినవారు నవలలో ప్రధాన పాత్ర ఇందిరను కలుసుకోవాలి. అంతకన్నా వేరే జవాబు అక్కర్లేదు.

అసలు తెరకెక్కనిది మరొకటుంది. ‘కన్యాశుల్కం’ మొదటి కూర్పుకు గురజాడ ఇంగ్లీషులో పీఠిక రాశారు. విజయనగరం మహారాజు ఆనంద గజపతి విశాఖ జిల్లాలో తయారు చేయించిన జాబితా సంగతి అందులో ఉంది: మూడేళ్ళలో 1034 కన్యాశుల్కపు పెళ్ళిళ్ళు. అయిదేళ్ళ పిల్లలు 99 మంది, మూడేళ్ళవాళ్ళు 36 మంది, ఏడాది పసికందులు ముగ్గురు. ఇది తెలిశాక నాటకంలో నవ్వించే పెళ్ళి బేరాలు మునుపటిలా నవ్వించవు. పన్నెండేళ్ళకు, 1909లో, గురజాడే నాటకాన్ని బాగా మార్చి, పెంచి మళ్ళీ అచ్చు వేశారు. మధురవాణి ఎదిగింది అందులోనే. రెండు కూర్పులూ పక్కపక్కన పెట్టుకునే అవకాశం చదివేవాడికే ఉంది.

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల ఉపాధ్యాయులకూ గ్రంథాలయాల వారికీ ఒక మనవి. పిల్లలకు ముందు సినిమాయే చూపించండి. మర్నాడే పుస్తకం చేతికివ్వండి. పీఠిక ఉన్న కూర్పే ఇవ్వండి.