పొరుగు వాకిట్లో కాపలా



"పేపర్లో ఇరాన్ పేరొస్తే లెబనాన్, యెమెన్ పేర్లు కూడా ఎందుకొస్తాయి సాబ్?" అని మా తరగతిలో ఒక పిల్లవాడు అడిగాడు. ఆ రోజు మేము చెప్పిందే మీ ముందు మనవి చేస్తాము.

1980 సెప్టెంబరులో సద్దాం హుస్సేన్ సైన్యం ఇరాన్ మీద పడింది. యుద్ధం ఎనిమిదేళ్ళు సాగింది. తోడు నిలిచిన దేశాలు బహు తక్కువ. మళ్ళీ యుద్ధం తమ గడప తొక్కకూడదు, శత్రువును దూరానే ఆపాలి అన్న ఆలోచన ఇరాన్ పాలకుల్లో నాటుకుంది. 1982లో ఇజ్రాయెల్ లెబనాన్‌లోకి దిగగానే ఇరాన్ తన రివల్యూషనరీ గార్డులను బెకా లోయకు పంపి, అక్కడి షియా యువకులకు తర్ఫీదు ఇప్పించింది. హిజ్బుల్లా అలా పుట్టింది. తరువాత ఇరాక్‌లో సాయుధ దళాలు, యెమెన్‌లో హౌతీలు ఈ వరుసలో చేరారు. ఈ పని ఏళ్ళ తరబడి నడిపిన జనరల్ ఖాసిం సులేమానీని 2020 జనవరి 3న బాగ్దాద్‌లో అమెరికా చంపింది.

వీళ్ళంతా ఇరాన్ చేతి బొమ్మలే అనడం సరికాదు. ఎవరి కారణాలు వాళ్ళకున్నాయి. 2000 మే నెలలో ఇజ్రాయెల్ సైన్యం దక్షిణ లెబనాన్ వదిలిపోయినప్పుడు హిజ్బుల్లాను మెచ్చుకోని అరబ్బు వీధి లేదు.

అయితే ఖరీదు ఎవరు చెల్లించారు? ఫలస్తీనా బాధ మన గుండెల్లో ఉంది కనుక ఈ మాట చెప్పడం మాకూ కష్టమే. అవే దళాలు సిరియాలో సొంత ప్రజల మీద బాంబులు వేసిన బషర్ అసద్ పక్షాన పోరాడాయి. 2023 అక్టోబరులో సరిహద్దు దాటి రాకెట్లు వేయాలని తేల్చింది లెబనాన్ పార్లమెంటు కాదు. మరుసటి ఏడు ఇజ్రాయెల్ బాంబులకు పది లక్షల మందికి పైగా ఇళ్ళు వదిలారు. బాంబులు వేసినవాళ్ళ నేరం దీనితో మాసిపోదు.

ఇంతా చేసి కాపలా నిలిచిందా? 2024 సెప్టెంబరు 27న హసన్ నస్రుల్లా హతుడయ్యాడు. డిసెంబరు 8న అసద్ పారిపోయాడు. 2025 జూన్ 13న బాంబులు ఇరాన్ మీదనే పడ్డాయి. ఆ పన్నెండు రోజులూ హిజ్బుల్లా కదలలేదు.

అంతా విని ఆ పిల్లవాడు, "మరి లెబనాన్ వాళ్ళను ముందుగా అడిగారా సాబ్?" అన్నాడు. పొరుగువాని హక్కు గురించి ఏటా పాఠం చెప్పే మాకు ఆ పూట జవాబు దొరకలేదు. పెద్దలు ఆలోచించాలని కోరుతూ సెలవు తీసుకుంటాము. ఖుదా హాఫిజ్.